సొరచేప హైదరాబాద్ టైమ్‌కి వచ్చింది

చిక్కడపల్లి, హైదరాబాద్
నిమజ్జనం రోజు, పొద్దున

ఒరేయ్ కొర్రమీనూ,

తిట్టుకో, పడతాను. కేప్‌టౌన్ నుంచి వచ్చి నెలన్నర దాటినా నీకు ఒక్క ముక్క రాయలేదు. ఆఫీసు మామూలే, అమ్మ మోకాళ్లు మామూలే, పాపకి పరీక్షలు. ఇంటి కబుర్లు అయిపోయాయి. అసలు సంగతి ఫోన్లో చెబుదామంటే నువ్వు మధ్యలో "ఆగాగు" అని అడ్డం పడతావు. కాగితమైతే నోరు మూసుకుని చదువుతావు.

నేను సొరచేపని చూశానురా! బోనులో! అంటే, బోనులో ఉన్నది నేను.

మా అక్క కొడుకు చింటూ అక్కడ సొరచేపల మీద పరిశోధన చేసే బోటులో ఇంటర్న్‌గా ఉన్నాడని చెప్పానుగా. నా ఆఫీసు ట్రైనింగ్ మధ్యలో ఒక శనివారం ఖాళీ దొరికింది. "మామా, ఆ రోజు ఒక మనిషి తక్కువున్నాడు, వాలంటీరుగా వచ్చెయ్" అన్నాడు. నాకు ఈత రాదన్నాను. బకెట్ మోయడానికి ఈత ఎందుకన్నాడు.

కేప్‌టౌన్ నుంచి కారులో రెండు గంటలు, గాన్స్‌బాయ్ అనే ఊరు. ఆ 'గ'ని వాళ్లు గొంతులో గరగరలాడిస్తారు, నీ గురకలాగా. ఒడ్డు నుంచి కొంచెం దూరంలో డయ్యర్ ఐలాండ్, దాని పక్కనే గీజర్ రాక్. ఆ రాళ్ల మీద అరవై వేల దాకా సీల్స్ ఉంటాయట. రెండిటి మధ్య సన్నటి నీటిదారిని షార్క్ అలీ అంటారు. మన భాషలో షార్క్ గల్లీ!

నాకు రెండు పనులిచ్చారు. మొదటిది, సొరల్ని రప్పించడానికి చేప ముక్కలూ చేప నూనే సముద్రపు నీళ్లలో కలిపిన కషాయాన్ని మగ్గుతో నీళ్లలోకి పోస్తూ ఉండటం. చమ్ అంటారు దాన్ని. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం రాంనగర్ చేపల మార్కెట్‌లో నిలబడి, ఆ వాసన తాగితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇరవై నిమిషాలు తట్టుకున్నాను. తర్వాత లుంబినీ పార్కు పడవలో నువ్వు చేసిన పనే చేశాను. ఈసారి ఎవరి నీలం చొక్కా పాడవలేదు.

రెండో పని రాత. సొరచేప కనబడగానే టైమ్ ఎంత, పొడవెంత, ఆడా మగా, వీపు రెక్క అంచున గాట్లేమిటి, అన్నీ కాగితం మీద ఎక్కించాలి. తెల్ల సొరలకి ఆ గాట్లు మన వేలిముద్రల్లాంటివి, ఫొటో తీసి ఫలానాదేనని పోల్చుకుంటారు.

కానీ ఆ తెల్ల సొరలేవీ! ఒకప్పుడు వాటికోసమే జనం ప్రపంచం నలుమూలల నుంచీ అక్కడికి వచ్చేవాళ్లు. 2017లో కొన్ని చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కోసి చూస్తే కలేజా, అదే లివర్, మాయం. రెండు ఓర్కాల పని అది, కిల్లర్ వేల్స్ అంటారే, అవి. ఒకదాని రెక్క ఎడమకి వాలి ఉంటుంది, ఇంకోదానిది కుడికి. అందుకే ఓడవాళ్ల భాషలో ఎడమా కుడీ అనే పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు పెట్టారు. సొరచేప కలేజా నిండా నూనే కదా, అది మాత్రం లాగేసుకుని మిగతాది వదిలేస్తాయి. ఆ కుడి రెక్కది 2023లో మోసెల్ బే దగ్గర ఒక పిల్ల తెల్ల సొరని ఒంటరిగా, రెండు నిమిషాల్లోపే ముగించేసిందట. చింటూ ఇదంతా చెబుతుంటే నాకు నువ్వే గుర్తొచ్చావు. వెంకటి పెళ్లిలో మటన్ గిన్నె నీ చేతికొచ్చాక మాకు మిగిలినవి ఎముకలే కదరా!

మూడు గంటలు ఏమీ రాలేదు. సున్నా అని రాయమన్నాడు చింటూ. రాకపోవడం కూడా లెక్కేనట, ఎన్ని రోజులు రాలేదో రాసిపెడితేనే కదా పోయాయని తెలిసేది. సరేనని సున్నా రాస్తుంటే పైనుంచి ఎవరో అరిచారు. రాగిరంగు సొర! టూనా తలకాయ కట్టిన తాడు వెనకాల నీడలాగా వచ్చింది. "మామా, టైమ్!" వాచీ చూసి రాశాను.

బోనులో దిగడానికి వచ్చిన టూరిస్టుల వంతు అయ్యాక నన్నూ దిగమన్నారు. ఆ రబ్బరు సూట్‌లోకి నన్ను దూర్చడం దిండు గలీబులో పరుపు కుక్కడమే. నడుముకి సీసం బెల్టు. టాంక్‌బండ్ మీద క్రేన్‌కి వేలాడే గణపతికి నాకన్నా మర్యాద ఎక్కువ. ఆక్సిజన్ సిలిండర్ గట్రా ఏమీ లేదు, బోను పైభాగం నీళ్ల పైనే ఉంటుంది. "డౌన్" అనగానే ఊపిరి బిగబట్టి లోపలి కడ్డీ పట్టుకుని మునగడమే. నీళ్లు ఎంత చల్లగా ఉన్నాయంటే పళ్లు కాదు, ఎముకలు టకటకలాడాయి.

డౌన్. ఆకుపచ్చ మసక. ఏమీ లేదు. ఇంకోసారి డౌన్. ఆ మసకే కాస్త చిక్కబడి చేప అయింది. నాకంటే పొడుగు. నా మొహానికి మూరెడు దూరంలో, తొందరేమీ లేకుండా, పక్కింటావిడ మెట్లు దిగినట్టు వెళ్లిపోయింది. కన్ను నా వైపే ఉంది కానీ నన్ను చూసిందని చెప్పలేను. భయం వేయలేదురా. నీళ్ల కింద అంత నిశ్శబ్దంలో ఒక్కసారిగా మీ అన్నయ్య... ఆ వేసవి తర్వాత మనిద్దరం మళ్లీ నీళ్లలోకి దిగలేదుగా. వద్దులే, కలిసినప్పుడు చెబుతా.

పోతూపోతూ తోకతో బోనుని ఒక్కటి కొట్టింది. నేను నీళ్లలోనే అరిచాను, అర లీటరు అట్లాంటిక్ మింగాను. మృగశిర నాడు ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో నువ్వు చేపని మింగలేక పెట్టిన మొహం ఉందే, అదే మొహంతో పైకి తేలానట. చింటూ ఫొటో తీశాడు. పంపను.

అసలు జోకు ఒడ్డుకొచ్చాక. పన్నెండున్నరకి దిగాం. వాళ్ల మేడమ్ నా కాగితం చూసి చాలాసేపు మాట్లాడలేదు. సొర కనిపించిన సమయం: మధ్యాహ్నం 2:40! నా వాచీ హైదరాబాద్ టైమ్‌లోనే ఉందిరా, ఇంటికి ఫోన్ చేయడానికని మార్చలేదు. పొద్దుటి నుంచి రాసినవన్నీ మూడున్నర గంటలు ముందుకెళ్లి కూర్చున్నాయి! చింటూ తల కొట్టుకుంటూ ఒక్కొక్కటీ తీసేసి దిద్దాడు. ఆమె మాత్రం కాగితం అంచున 'హైదరాబాద్ టైమ్' అని రాసి, చుట్టూ గీత గీసి ఫైల్లో పెట్టుకుంది. ఇక ఆ సొర...

డీజే మొదలైంది, కిటికీలు అదురుతున్నాయి. మా గల్లీ గణపతి లారీ ఎక్కుతున్నాడు. లడ్డూ వేలంలో మా ఆవిడ నన్నడక్కుండానే మన పేరు ఇచ్చేసిందట, కింద నుంచి పిలుస్తున్నారు, ఎంత దాకా పాడిందో ఏమో, పోవాలి

నీ
బక్కోడు