టేకు మొక్కల స్కీమ్ మా దగ్గర ఎందుకు లేదంటే

మా కస్టమర్లందరికీ నమస్కారం. ఈ మధ్య మహారాష్ట్ర బల్లార్షాలోని మా కర్ర దుకాణానికి వచ్చేవాళ్లు గుమ్మాల రేటు కన్నా ముందు ఇంకో మాట అడుగుతున్నారు. "ఎకరంలో టేకు వేస్తే పదిహేనేళ్లకు కోటి వస్తుందంటున్నారు, ఆ స్కీమేదో మీరే పెట్టొచ్చు కదా?" అని. ఆసిఫాబాద్, మంచిర్యాల వైపు బ్రోకర్లు రంగురంగుల కాగితాలు పంచుతున్నారట. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు అందరికీ కలిపి రాస్తున్నాను. మేం మొక్కలు అమ్మం, ప్లాట్లు అమ్మం, ఎవరినైనా పంపించి కమీషనూ తీసుకోం.

చెట్టు పెంచడం తప్పని కాదు. సొంత పొలం ఉంటే గట్ల మీద నిక్షేపంగా వేసుకోండి. కానీ ఆ చెట్టు చివరికి వచ్చి పడేది మాలాంటి వాళ్ల యార్డులోనే. అక్కడ దానికి ఏం ధర కడతారో ఆ కాగితాల్లో రాయరు.

దుంగ నడిమి చుట్టుకొలతను నాలుగో వంతు చేసి, దాన్ని దానితోనే గుణించి, పొడవుతో గుణిస్తాం. నాలుగడుగుల చుట్టు, పదడుగుల పొడవు ఉంటే పది సీఎఫ్‌టీ, అంటే పది ఘనపుటడుగులు. అదే పొడవులో చుట్టు రెండడుగులే అయితే అయిదు కాదు, రెండున్నర మాత్రమే. పైగా లావు దుంగకు, సన్న దుంగకు సీఎఫ్‌టీ రేటు ఒకటి కాదు. సన్నదానికి రేటూ తక్కువే. మా దగ్గరికి వచ్చే తోట టేకులో ఎక్కువ భాగం ఈ రెండడుగుల బాపతే. దాని అడ్డకొలత ఏడున్నర అంగుళాలు దాటితే గొప్ప. బెరడు కింద చుట్టూ అంగుళమున్నర తెల్ల కర్ర తీసేస్తే లోపల చేవ నాలుగున్నర అంగుళాలు మిగులుతుంది. అందులోంచి అయిదు బై మూడు అంగుళాల గుమ్మం ఎలా తీస్తాం? తెల్లది కలిపి కోస్తే సైజు వస్తుంది, చెదలూ వస్తాయి. చెదను ఆపేది చేవే, తెల్ల కర్ర కాదు.

అడవి టేకు సంగతి వేరు. ఆలాపల్లి, చంద్రపూర్ అడవుల దుంగలు ఇక్కడి అటవీ డిపోలో వేలానికి వస్తాయి. చివర సుత్తి ముద్ర, నంబరు, కొలత అన్నీ ఉంటాయి. మీరంతా సీపీ (పాత సెంట్రల్ ప్రావిన్సెస్) టేకు, బల్లార్షా టేకు అని అడిగేది దీన్నే. 2023 మార్చిలో అయోధ్య రామమందిరానికి ఇక్కడి నుంచి టేకు వెళ్లాక, ఆ పేరు చెప్పి తోట కర్ర అంటగట్టేవాళ్లు కూడా బయల్దేరారు. అటవీ శాఖలు టేకును యాభై, అరవై, ఒక్కోచోట ఎనభై ఏళ్లు పెంచి కొడతాయి. కేరళలోని నిలంబూరులో 1846 నాటి కనోలీ తోట చెట్లు కొన్ని ఇప్పటికీ నిలబడే ఉన్నాయి. పదిహేనేళ్ల లెక్క చెప్పేవాళ్లను ఈ ఒక్క ముక్క అడిగి చూడండి.

ఇక భూమి. మహారాష్ట్రలో రైతు కానివాళ్లు వ్యవసాయ భూమి కొనాలంటే కలెక్టర్ అనుమతి కావాలి. ఆదివాసీల భూములైతే, మన తెలుగు రాష్ట్రాల్లో ఆదివాసీ భూములు చేతులు మారకుండా 1/70 చట్టం ఉన్నట్టే ఇక్కడా గట్టి ఆంక్షలున్నాయి. ముందు సాత్-బారా (7/12 అనే ఇక్కడి భూమి రికార్డు) తీయించి మీరే చదవండి, మరాఠీ రాకపోతే పట్టుకురండి, నేను చదివి చెబుతాను. ఇక భూమి మీ పేర రాయకుండా "మీ చెట్లు మేం పెంచుతాం, లాభం పంచుతాం" అని డబ్బు పోగుచేసే వ్యవహారాలకు 1999 నుంచే సెబీ (పెట్టుబడుల మార్కెట్‌ను నియంత్రించే కేంద్ర సంస్థ) నిబంధనలున్నాయి. 1990లలో టేకు కంపెనీల్లో డబ్బు పోగొట్టుకున్నవాళ్లు మీ ఇళ్లలోనే ఉండొచ్చు, పెద్దవాళ్లను అడగండి.

కొందరు మొక్కలొద్దు, దుంగలే కొని దాస్తామంటున్నారు. కర్రంటే బంగారం కాదండీ, బీరువాలో పడేస్తే అలాగే ఉండటానికి. దుంగను ఎండలో వదిలేస్తే చివర్లు పగులుతాయి, తెల్ల భాగానికి పురుగు పడుతుంది. దాచాలనుకుంటే కోయించి, పలకల మధ్య బద్దలు పెట్టి, నేలకు తగలకుండా నీడలో పేర్చండి. చివర్లకు రంగో మైనమో పూయండి. నాకు మాత్రం పాత ఇళ్లు కూల్చినప్పుడు దొరికే దూలాల మీదే ఆశ. రంపం పళ్లు విరగ్గొట్టే మేకులుంటాయని మిల్లువాళ్లు తిట్టుకుంటారు గానీ, కోశాక లోపల ఆ సన్నటి వలయాలు, తేనె రంగు చూస్తే అమ్మబుద్ధి కాదు. అలాంటి పలకలు కొన్ని పక్కన పెట్టాను. చూడటానికి ఎవరైనా రావచ్చు, బేరం మాత్రం పూజగది తలుపులు చేయించుకునేవాళ్లతోనే.

ఇప్పుడు మన ఆర్డర్ల విషయం. పచ్చి కర్రతో చేసిన తలుపు వానాకాలంలో బిగుసుకుంటుంది, ఎండాకాలంలో సందులు పడుతుంది. అందుకే ఇకపై కోసి ఒక వానాకాలం ఆరిన కర్రతోనే తలుపులు చేస్తాం. రేటు కాస్త పెరుగుతుంది, ఆలస్యమూ అవుతుంది. ముహూర్తం పెట్టుకున్నాక ఫోన్ చేసి మీరూ టెన్షన్ పడి నన్నూ పెట్టొద్దు. మాఘమాసంలో గుమ్మం ఎత్తేవాళ్లు దసరాలోపే సైజులు చెప్పండి. సరిహద్దులోని వాంకిడి దాటి తెలంగాణలోకి వెళ్లే కర్రకు ట్రాన్సిట్ పాస్ (అటవీ శాఖ రవాణా అనుమతి) లేకుండా బండి కదిలించను, దగ్గరివాళ్లయినా సరే.

దుంగ కోసేటప్పుడు దగ్గరుండి చూసుకుంటామనేవాళ్లు పొద్దున్నే రండి. మధ్యాహ్నమైతే ఇక్కడి ఎండకు మేమే యార్డులో నిలబడలేం. ఆదివారం మిల్లు బంద్.