కోడి కునుకుతుంటే: పొదిలిలో ఉన్న మా అమ్మాయికి

చిట్టీ,

నిన్న ఫోన్లో నువ్వు ఏడుస్తుంటే సగం మాటలు అర్థం కాలేదు. మిగతా సగం పక్కన మీ అత్త ఉందని నువ్వే మింగేశావు. అందుకే కాగితం తీసుకున్నాను. రాయడం అవగానే మీ చెల్లెలు ఫోటోలు తీసి నీకు పంపిస్తుంది. ఇవాళే చదువు, పొద్దుగూకే లోపల చేయాల్సిన పనులున్నాయి.

ముందు నీ మనసులో ఉన్నదాని సంగతి. పదకొండు కోళ్లలో నాలుగు పోయాయని, కోడలు కాపురానికొచ్చిన ఏడాదే ఇలా అయిందని ఎవరో అన్నారన్నావు. దిష్టీ కాదు, నీ పాదమూ కాదు. సంక్రాంతి అయ్యాక మీ మామ సంతలో పుంజును కొన్నాడని, దాన్ని ఆ రోజే మిగతా వాటితో కలిపి గూట్లో మూశారని మొన్న నువ్వే చెప్పావు. అది వచ్చిన ఎనిమిదో రోజున మొదటి పెట్ట పోయింది. లెక్క సరిపోతోంది కదా. ఈ మాట మీ మామతో అనకు. తెచ్చినవాడికి తెలిసి తేలేదు, ఆ పుంజు కూడా చూడ్డానికి నిక్షేపంలా ఉండి ఉంటుంది. రోగం బయటపడే ముందే అది పక్క కోళ్లకు అంటిస్తుంది.

నువ్వు పంపిన ఫోటోలో నేను కోడిని తర్వాత చూశాను, ముందు నేల చూశాను. ఆకుపచ్చగా, నీళ్లగా, మధ్యలో తెల్లటి సున్నం కలిసినట్టున్న రెట్ట. గోడ మూల నిలబడ్డ పెట్ట ఈకలు ఉబ్బరించుకుని, కళ్లు మూసుకుని కునుకుతోంది. రాత్రి నోరు తెరిచి గురగుర మంటోందన్నావు, ఒకదానికి మెడ వెనక్కి తిరిగిపోయిందన్నావు. ఫోటో చూసి రోగం పేరు తేల్చడానికి నేను డాక్టరును కాను. కానీ ఇది కొక్కెర తెగులేనని నా అనుమానం. డాక్టర్లు రానిఖేత్ అంటారు. ఉత్తరాన కొండల్లో ఉండే ఆ ఊళ్లో దాదాపు వందేళ్ల కిందట ఈ రోగం కనిపిస్తే ఆ పేరే పెట్టారట. పాపం ఆ ఊరికి కోళ్ల చావుతో పేరొచ్చింది.

కొక్కెర అయితే దానికి మందు లేదు. ఇది వైరస్ జబ్బు. నేను కూడా ఒకప్పుడు మెడికల్ షాపులో టెట్రాసైక్లిన్ గొట్టం మాత్రలు కొని, విప్పి అన్నంలో కలిపి పెట్టాను. మీ నాయనమ్మ మిరియాలూ వెల్లుల్లీ నూరి గొంతులో వేసేది. ఇద్దరం ఓడిపోయాం. టీకా పడని మందలో కొక్కెర దూరితే పదింట తొమ్మిది పోయినా ఆశ్చర్యం లేదు. మిగిలింది ఏదైనా ఉంటే అది నెలల తరబడి మెడ తిప్పుకుంటూ గుండ్రంగా తిరుగుతుంది. ‘ఏ మందు వెయ్యాలమ్మా’ అని నువ్వు అడిగినప్పుడు నా నోట మాట రాకపోవడానికి కారణం ఇదే.

ఇంకో కారణం కూడా ఉంది. నువ్వు ఏడో తరగతిలో ఉండగా నీ చుక్కల పెట్ట కనిపించకుండా పోయింది, గుర్తుందా? పిల్లి ఎత్తుకెళ్లిందని చెప్పాను. పిల్లి కాదు. ఆ వారం మన దొడ్లో రెండు కోళ్లు కునికి చచ్చాయి. మిగతావి కూడా పోతాయని నాకు భయం పట్టుకుంది. మోపెడ్ మీద బుట్టలు కట్టుకుని కోళ్లు కొనే అతను ఎప్పుడూ వచ్చేవాడు కదా, అతన్ని పిలిచి ఉన్నవన్నీ సగం ధరకు ఇచ్చేశాను. నీ పెట్ట కూడా వాటిల్లోనే పోయింది. అప్పటికే రెక్కలు వేలాడేసింది అది. అతను అవే బుట్టలతో కాలనీలోకి వెళ్లాడు, అక్కడ రెండు పెట్టలు కొన్నాడు, ఇంకెవరికో ఒక పుంజును అమ్మాడు. పది పన్నెండు రోజులకు ఆ కాలనీలో తెల్లవారుజామున ఒక్క కూత లేదు. అక్కడ కోళ్ల డబ్బులతోనే పిల్లలకు నోటుపుస్తకాలు కొనే ఆడవాళ్లున్నారు. వాళ్లెవరూ నన్ను అడగలేదు, ఎందుకంటే ఎవరికీ తెలియదు. నాకు తెలుసు.

అందుకని, మీ అత్త ‘ఉన్నవాటిని అమ్మేద్దాం’ అంటే ఒప్పుకోవద్దు. కోసి పంచుదామన్నా వద్దను. నా పేరు చెప్పు, ‘మా అమ్మ ఒట్టు వేయించుకుంది’ అను. చచ్చినవాటిని కాలవలోనో దిబ్బలోనో పారేయొద్దు, కుక్కలు ఇంటింటికీ ఈడ్చుకెళ్తాయి. నడుం లోతు గొయ్యి తీసి, పైన సున్నం చల్లి పూడ్చండి. ఒకటి మాత్రం పూడ్చకుండా, కొత్తగా చచ్చినదాన్ని రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి పశువుల ఆసుపత్రికి పంపు. డాక్టరు కోసి కడుపు లోపల ఎర్రటి నెత్తురు చుక్కలు ఉన్నాయేమో చూస్తాడు. అప్పుడు మన అనుమానం తేలుతుంది. మీ సచివాలయంలో పశుసంవర్ధక సహాయకుడు ఉంటాడు, ముందు అతనికి చెప్పు. దొరక్కపోతే పశువైద్యం నంబరు 1962కు ఫోన్ చెయ్యి, డబ్బులు పడవు.

ఇక ఈ సాయంత్రం సంగతి. కునికే వాటిని వేరే చోట గంప కింద పెట్టు, వాటి మీదుగా వచ్చే గాలి మిగతా వాటికి తగలనంత దూరంగా. మేత, నీళ్లు ముందు బాగున్న వాటికి పెట్టి, తర్వాత జబ్బు వాటి దగ్గరకు వెళ్లు. తిరగేసి చేయకు, రోగాన్ని మోసేది నీ చేతులూ, చెప్పులూ, ఆ నీళ్ల మూకుడే. జబ్బువాటికి వేరే చెప్పులు పెట్టుకో. లీటరు నీళ్లలో కాస్త బెల్లం, చిటికెడు ఉప్పు కలిపి పెట్టు. బతికే శక్తి ఉన్నవాటికి అది ఆసరా, అంతకు మించి ఆశ పెట్టుకోకు.

ఇంతా చదివి, నీ కోళ్లకు వచ్చినవన్నీ కొక్కెరే అనుకునేవు. ఆ తొమ్మిది కోడిపిల్లల సంగతి వేరేగా చూడు. వాటిలో రెండిటికి రెట్టలో నెత్తురు పడుతోందన్నావు. మూడు వారాలు దాటిన పిల్లల్లో అది రక్త పారుడు కావచ్చు. కింద పరిచిన వరిపొట్టు తడిసి ముద్దయిన చోట ఇది వస్తుంది. దీనికి మందుంది, అదొక్కటే ఈ ఉత్తరంలో మంచి వార్త. ఆంప్రోలియం అని పొడి దొరుకుతుంది, నీళ్లలో కలిపి ఐదు రోజులివ్వాలి. ఎంత కలపాలో ప్యాకెట్ మీదిది చూసి, డాక్టరును ఒకసారి అడిగి కలుపు. ఆ ఐదు రోజులూ వేరే నీళ్లు పెట్టకు, లేకపోతే అవి మందు నీళ్లు ముట్టవు. నీరసంగా ఉన్నాయి కదా అని దాంతో పాటు బి కాంప్లెక్స్ పోయకు. ఆ మందు పనిచేసేదే క్రిమికి బి1 విటమిన్ అందకుండా చేసి. నువ్వు బి1 పోస్తే క్రిమికి అన్నం పెట్టినట్టే. తడి పొట్టంతా ఎత్తేసి, ఎండలో ఆరిన పొడిది పరుచు. మందు కంటే అదే సగం పని చేస్తుంది.

కోళ్ల రెట్ట చూడ్డం నేర్చుకో తల్లీ, అసహ్యపడకు. పొద్దున గూడు తలుపు తీయగానే ముందు కింద చూడు. గోధుమ రంగు ముద్ద మీద తెల్లటి టోపీ ఉంటే అంతా బాగున్నట్టు. అప్పుడప్పుడు నల్లటి, జిగురు జిగురు, కంపు రెట్ట వేస్తాయి, అదీ మామూలే, దాన్ని చూసి కంగారు పడేవాళ్లను చాలామందిని చూశాను. తర్వాత గూట్లోంచి ఎవరు చివర బయటకొస్తున్నారో చూడు. రోజూ ముందు దూకే పెట్ట ఒక రోజు చివర వచ్చిందంటే ఆ రోజు దాన్ని పట్టుకోవాలి. సాయంత్రం మూసేటప్పుడు గొంతు కింద మేత సంచి తడిమి చూడు. నిండుగా ఉంటే తిన్నట్టు, ఖాళీగా ఉంటే తిననట్టు. కోడి తన జబ్బును ఆఖరి దాకా దాచుకుంటుంది. మనకు కునుకుతూ కనిపించే నాటికి దానికి జబ్బు చేసి రోజులై ఉంటుంది.

ఒకసారి పక్కింటి వాళ్లవి మధ్యాహ్నం తిరిగే సరికి ఆరు కోళ్లు వరసగా పడిపోయాయి. కొక్కెర అని ఊరంతా గోల. నేను వెళ్లి ఒకదాని మేత సంచి తడిమితే గట్టిగా గింజలతో నిండి ఉంది. పొద్దున చేలో విత్తడానికి మందు పట్టించిన వేరుశనగ గింజల సంచి చిరిగి ఉంటే తిన్నాయి. తెగులైతే ఒకటి, రెండు, మళ్లీ రెండు అని రోజుల మీద పోతాయి. ఆకలిగా తిరిగినవి కడుపు నిండా తిని ఒక్క పూటలో పడ్డాయంటే విషం అనుకో. మీ వైపూ ఇలాంటి గింజలు ఇళ్లలో పెడతారు కాబట్టి చెప్పాను.

అమ్మవారు కూడా వస్తుంది కోళ్లకు, భయపడకు, అది మనకు అంటదు. జుట్టు మీద, కళ్ల చుట్టూ నల్లటి పొక్కులు కడతాయి. వానలయ్యాక దోమలతో పాకుతుంది. పర్మాంగనేట్ నీళ్లతో తుడిచి, వేపనూనెలో పసుపు కలిపి రాసి, మెత్తటి మేత పెడితే చాలావరకు మూడు నాలుగు వారాల్లో తేరుకుంటాయి. పొక్కులు గిల్లకు. నోటి లోపల పసుపు పొర కడితే మాత్రం డాక్టరుకు చూపించాలి.

అన్నిటికంటే భయం బర్డ్ ఫ్లూ. 2024 ఫిబ్రవరిలో మన పొదలకూరు మండలంలోనే చాటగొట్లలో, కోవూరు దగ్గర గుమ్మళ్లదిబ్బలో వచ్చింది కదా. నమూనాలు భోపాల్ ల్యాబుకు పంపితే అదేనని తేలింది. చుట్టూ పది కిలోమీటర్ల మేర మూడు రోజులు చికెన్ కొట్లు మూయించారు. ఇదెందుకు గుర్తుచేస్తున్నానంటే, బయటికి అదీ కొక్కెరలాగే ఉంటుంది. ముఖం వాచి, జుట్టు నీలంగా మారి, కాళ్ల మీద ఎర్రగా కమిలి, ఒక్కసారిగా గుంపులుగా పోతుంటే వాటిని చేత్తో ముట్టకు. ఎవరూ కోయొద్దు. మూతికి గుడ్డ కట్టుకుని దూరంగా ఉండి ఆసుపత్రికి చెప్పు. కోళ్లు పట్టుకున్నాక నీకో మీ ఇంట్లో ఎవరికో జ్వరం వస్తే డాక్టరు దగ్గర ఆ మాట దాచొద్దు.

ముందు ముందు చేయాల్సింది టీకా. పుట్టిన వారంలోపు పిల్లకు కంట్లోనో ముక్కులోనో ఒక చుక్క, నాలుగో వారంలో మళ్లీ చుక్క, ఎనిమిది వారాలు దాటాక రెక్క కింద సూది. చుక్క పడని పిల్లకు నేరుగా ఆ సూది వేయకూడదు. టీకా సీసా వంద కోళ్లకో అంతకంటే ఎక్కువకో వస్తుంది, పది కోళ్ల వాళ్లు ఎవరూ కొనరు, అందుకే ఊళ్లలో ఎవరూ వేయించరు. కలిపిన మందు గంటా రెండు గంటల్లో అయిపోవాలి, దాచుకుంటే నీళ్లతో సమానం. కాబట్టి వీధి ఆడవాళ్లందరినీ కూడగట్టి, ఎండలు ముదరక ముందే ఒక తెల్లవారుజామున అందరివీ ఒకేసారి వేయించండి. మీ అత్తనే ముందు పెట్టు. ఆమె అడిగితే వీధి కదులుతుంది, నువ్వు అడిగితే ‘కొత్త కోడలు’ అంటారు. జబ్బు పడ్డ మందకు ఇప్పుడు వేయాలా వద్దా అనేది మాత్రం డాక్టరు చెప్పాలి.

కొత్త కోడి ఏది వచ్చినా, చుట్టాలు ఇచ్చినా, ఇకనుంచి మూడు వారాలు విడిగా గంప కిందే. మీ మామకు ఇది నువ్వు చెప్పకు, ఆ సహాయకుడి చేత చెప్పించు.

నీకోసం రెండు పెట్టల్ని ఉంచాను, ఒకటి చుక్కలదే, అచ్చం పాతదానిలా ఉంటుంది. ఇప్పుడు పంపను. మీ గూడు కడిగి, సున్నం వేసి, ఎండకు వదిలేసి నెలన్నర ఖాళీగా ఉంచాక చూద్దాం. మంగళవారం మీ నాయన నిమ్మకాయలు మార్కెట్లో వేసి అటు నుంచి అటే వస్తాడు. థర్మాస్ పంపుతున్నా, టీకా తెచ్చేటప్పుడు ఐస్ వేసుకోవడానికి. ఆయన్ని దొడ్లోకి రానివ్వకు, వాకిట్లోనే కాఫీ ఇచ్చి పంపు. తిరిగొచ్చాక ఆయన చెప్పులు నేను బయటే కడిగిస్తాను.

అమ్మ

చుక్కల పెట్ట సంగతి మీ చెల్లెలికి ఇప్పుడే తెలిసింది. నన్ను చూసి మొహం తిప్పుకుని పోయింది.