లిఫ్టు ఆగేటప్పుడు

అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. మొదటిసారి చదివినప్పుడు మీ ప్రొఫెసర్ మీద ఒళ్లు మండింది. నువ్వు దిగరాసి పంపిన ప్రశ్నపత్రం చూశాక ఆ మంట కొంచెం చల్లారింది. ఎందుకో చెబుతాను, అలగకుండా విను.

ఆయన పాఠం అరటిపండు ఒలిచి చేతిలో పెట్టినట్టు ఉంటుందన్నావు. క్లాసులో అర్థం కాని ముక్కే లేదన్నావు. తీరా పరీక్షలో వందకు 38. ‘చెప్పింది ఒకటి, అడిగింది ఇంకొకటి’ అని రాసి కింద గీత కూడా గీశావు. సీనియర్లు ముందే హెచ్చరించారట. సీనియర్లు ఏ ప్రొఫెసర్ గురించి హెచ్చరించలేదు గనక!

మాకు థర్మోడైనమిక్స్, అంటే వేడి, శక్తుల శాస్త్రం, చెప్పినాయన నీ ప్రొఫెసర్‌కు పూర్తిగా వ్యతిరేకం. గొంతు మూడో బెంచీ దాటేది కాదు. నోట్సు ఇచ్చేవారు కాదు. పరీక్షకు మాత్రం పుస్తకాలు తెచ్చుకోమనేవారు. ఇంకేం, గట్టెక్కినట్టేనని నాలుగు లావుపాటి పుస్తకాలు మోసుకెళ్లాను. ప్రశ్నలు మూడే. తలుపులు, కిటికీలు మూసిన గదిలో ఫ్రిజ్ తలుపు తీసి వదిలేస్తే గది చల్లబడుతుందా, వేడెక్కుతుందా అన్నది మొదటిది. ఒకటిన్నర పేజీ థర్మోడైనమిక్స్ రెండో నియమం ఎక్కించాను, ఆదర్శ వేడి యంత్రం పనితీరు చూపే కార్నో చక్రం బొమ్మ వేశాను, చివర ‘కాబట్టి గది చల్లబడును’ అని ముగించాను. పేపర్ తిరిగి వచ్చినప్పుడు ఆ ఆఖరి వాక్యానికి పైన అడ్డంగా ఎర్ర గీత ఉంది. పక్కన చిన్న అక్షరాలతో, ‘ఇంతవరకు పుస్తకం. ఇక్కడి నుంచి నువ్వు.’

ఇరవైకి రెండు మార్కులు. నాలుగు రోజులు కనపడినవాళ్లందరి దగ్గరా ఆయన్ను తిట్టాను. అయిదో రోజు ఒక స్నేహితుడి ఇంట్లో ఫ్రిజ్ వెనక చెయ్యి పెట్టి చూశాను. వెచ్చగా తగిలింది. లోపల లాగిన వేడిని అది తెచ్చి అదే గదిలో పోస్తోంది, తాను తాగిన కరెంటును కూడా వేడిగా మార్చి దానికి కలుపుతోంది. ఇక గది చల్లబడేదెక్కడ?

ఈ దెబ్బ ప్రొఫెసర్లకూ తగులుతుంది. హార్వర్డ్‌లో ఫిజిక్స్ చెప్పే ఎరిక్ మజూర్ పాఠాలను విద్యార్థులు తెగ మెచ్చుకునేవారు, కఠినమైన లెక్కలు చకచకా చేసేసేవారు. 1990లో ఆయన గణితం అక్కర్లేని చిన్న చిన్న ప్రశ్నలతో ఒక పరీక్ష పెట్టారు. బరువైన లారీ, చిన్న కారు ఢీకొంటే ఏది దేనిమీద ఎక్కువ బలం చూపుతుంది, అలాంటివి. రెండూ సమానమేనని చెప్పే న్యూటన్ మూడో సూత్రం వాళ్లకు కంఠతా వచ్చు. అయినా చాలామంది తడబడ్డారు. మీరు చెప్పినట్టు రాయాలా, మేం మామూలుగా అనుకునేట్టు రాయాలా అని ఒక విద్యార్థి అడిగారట. ఆ ప్రశ్న విన్నాక ఏ మాస్టారికి నిద్రపడుతుంది చెప్పు?

అదే విశ్వవిద్యాలయంలో చేసిన ఇంకో పరిశోధన 2019లో వచ్చింది. హాయిగా సాగిన ఉపన్యాసం విన్నవాళ్లు తామే ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. తామే లెక్కలతో కుస్తీ పట్టినవాళ్లకు పరీక్షలో మార్కులు ఎక్కువ వచ్చాయి, కానీ నేర్చుకున్నది తక్కువేననిపించింది వాళ్లకు. ‘అర్థం కాని ముక్కే లేదు’ అన్న నీ మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ఇదే.

ఇప్పుడు నీ ప్రశ్నపత్రంలోని రెండో ప్రశ్నకు వద్దాం. క్లాసులో మీ ప్రొఫెసర్ చేసి చూపించింది పైకి బయలుదేరుతున్న లిఫ్టు. పరీక్షలో అడిగింది పైకి పోతూ ఆగబోతున్న లిఫ్టు. లోపల తూకం యంత్రం మీద నిలబడిన మనిషీ మారలేదు. నువ్వు క్లాసు నోట్సులోని సమీకరణాన్ని ఉన్నదున్నట్టు దింపి, తూకం పెరుగుతుందని రాశావు. లిఫ్టు అదే తల్లీ, కానీ ఇప్పుడది ఆగబోతోంది, అందుకే నీ జవాబు తప్పయింది. ఆ నోట్సు నాలుగుసార్లు చదివానన్నావు, నమ్ముతాను. ఈసారి రెండోసారి చదవబోయే ముందు మూసేసి, తెల్ల కాగితం మీద గుర్తున్నంత రాయి. మొదట్లో విసుగేస్తుంది.

ఒక విషయంలో మాత్రం నేను నీ పక్షమే. మూడు వారాలైనా సమాధాన పత్రాలు చూపించకపోవడం, దేనికెన్ని మార్కులో చెప్పకపోవడం అన్యాయం. ఎక్కడ తప్పానో తెలియనప్పుడు ఆ పరీక్ష నాకేం నేర్పినట్టు? మా థర్మోడైనమిక్స్ మాస్టారు గొంతు పెగలకపోయినా ఎర్ర గీత గీసి ఇచ్చారు. టర్మ్ చివర అభిప్రాయ పత్రంలో మీ ప్రొఫెసర్‌కు సున్నా వేస్తానన్నావు కదా, దాని బదులు ఈ సంగతి రాయి. పాఠం గురించి వేరుగా, పరీక్ష గురించి వేరుగా రాయి. అంతకన్నా ముందు ఆయన గదికి వెళ్లి పేపర్ చూపించమని అడుగు. మార్కులు కలపమని అడగకు, తర్వాత సంగతి అది. ఒంటరిగా వెళ్లడానికి జంకుగా ఉంటే ఆ పరీక్షలోనే 41 వచ్చిన నీ స్నేహితురాలిని వెంట తీసుకెళ్లు.

అమ్మ నీకు వేరే రాస్తానంది. నా మీద ఫిర్యాదులే అయ్యుంటాయి.

ఈలోగా ఒక పని చెయ్యి. లిఫ్టు ఎక్కి పై అంతస్తుకు వెళ్లు. అది ఆగే ముందు క్షణంలో నీ పాదాలకు ఏం తెలిసిందో చూసి, సమీకరణం లేకుండా నాకు రాయి.

నాన్న