వికలాంగుల ప్రాథమిక వైద్య సదుపాయ నిధి: జమా ఖర్చుల వివరణ

దాతలకు, సభ్యులకు నమస్కారం. లెక్కలు ఎందుకు ఆలస్యమయ్యాయని, ఒక్క పరీక్ష మంచానికే అంత సొమ్ము ఎందుకని కొందరు అడుగుతున్నారు. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరికీ అడిగే హక్కు ఉంది. అందుకే ఈ వివరణ.

జమ: మొత్తాన్ని 100 వంతులు అనుకుంటే చందాలు 91, పాత నిల్వ 7, బ్యాంకు వడ్డీ 2. అన్నింటికీ రసీదులిచ్చాం. పేరు వేయొద్దని చెప్పి మరీ ఇచ్చినవారికి మా కృతజ్ఞతలు.

ఖర్చు:

ర్యాంపు, మరుగుదొడ్డిలో పట్టుకునే కడ్డీలు: 18.

వీల్‌చైర్‌తో సహా ఎక్కే తూకం యంత్రం: 14. కుర్చీ బరువు తీసేస్తే మనిషి బరువు తెలుస్తుంది. కొన్ని మందుల మోతాదు బరువును బట్టే ఉంటుంది కదా.

సైగల భాష దుభాషికి: 9. ఇంటివాళ్లు చెబుతారుగా అని కొందరన్నారు. ఇంటివాళ్ల ఎదుట చెప్పుకోలేని జబ్బులూ ఉంటాయి.

రవాణా, స్టేషనరీ: 3.

ఎత్తు తగ్గే పరీక్ష మంచం: 46.

మామూలు మంచం ఉంది కదా, ఇద్దరు పట్టి ఎక్కిస్తే సరిపోదా అన్నది ప్రశ్న. సరిపోదు. రోగి జారిపడవచ్చు, ఎత్తే నర్సుకు నడుం పట్టేయవచ్చు. ఆ భయంతోనే చాలాచోట్ల కుర్చీలో కూర్చున్నవారిని కూర్చున్నట్టే చూసి, మందు రాసి పంపేస్తారు. నడుము కింద స్పర్శ లేని మనిషికి పిరుదు మీద పుండు మొదలైతే నొప్పి తెలియదు. పడుకోబెట్టి, బట్ట తొలగించి చూస్తేనే ఆ ఎర్రదనం కనబడుతుంది. మంచం ఎక్కలేని మహిళలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ పరీక్ష వాయిదా పడుతూనే ఉంటుంది. మిగతావారికి అందే నాణ్యతతోనే వికలాంగులకూ వైద్యం అందాలని ఐక్యరాజ్యసమితి 2006 వికలాంగుల హక్కుల ఒడంబడికలోని 25వ అధికరణం చెబుతోంది. మేం అంతకుమించి ఏమీ కోరలేదు.

ఇక ఆలస్యం సంగతి. మంచం 17 అంగుళాలకు దిగాలని ఆర్డరులోనే రాసిచ్చాం. వీల్‌చైర్ సీటు ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది కాబట్టి పక్కకు జరిగి మంచం మీదికి మారవచ్చు. సరఫరాదారు పంపినది 24 దగ్గరే ఆగిపోయింది. సర్దుకుపొమ్మని సలహాలొచ్చాయి. సర్దుకుంటే లెక్కలు ఎప్పుడో ముగిసేవి, ఎవరి కోసం కొన్నామో వారు మాత్రం దాన్ని ఎక్కలేకపోయేవారు. తిప్పి పంపాం. అడ్వాన్సు ఇరుక్కుపోయింది. రెండువైపులా రవాణా సరఫరాదారే భరించేలా ఒప్పించేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. కొత్తది వచ్చాక వీల్‌చైర్ వాడే సభ్యురాలు ఒకరు బ్రేకు వేసి, కుర్చీ చేతిని పక్కకు తీసి, అరచేతులు ఆనించి తనంతట తానే మంచం మీదికి జరిగారు. ఆమె సరేనన్న తర్వాతే మిగతా సొమ్ము చెల్లించాం.

నిల్వ: 10. మంచం మోటారు మరమ్మతులకు, దుభాషి ఖర్చుకు ఉంచాం. మాట ఇచ్చిన చందాలన్నీ వచ్చి ఉంటే తలుపులు వెడల్పు చేసే పని కూడా ఆగేది కాదు. ఫోన్ చేస్తే చూద్దామంటున్నారు. లెక్క గట్టిగా అడిగినవారిలోనూ కొందరి చందా బాకీ ఉందని చెప్పక తప్పడం లేదు. దయచేసి చెల్లించండి.

బిల్లులు, వోచర్లు, తిప్పి పంపిన మంచం తాలూకు ఉత్తరాలు కోశాధికారి వద్ద ఉన్నాయి. ఎవరైనా చూడవచ్చు. చూపు లేనివారికి చదివి వినిపిస్తాం.