ద్వేష బెదిరింపుల కేసుల్లో తేడా ఎక్కడ పుడుతోంది?

సంపాదకుడు గారికి,

అమెరికాలో మనవాళ్లకు జాత్యహంకార బెదిరింపులు వచ్చినప్పుడల్లా, అక్కడి కోర్టులు రంగు చూసి శిక్ష వేస్తాయంటూ 13.4 శాతం అంకె చూపిస్తారు. నల్లజాతి పురుషులకు తెల్లజాతి పురుషులకంటే శిక్షాకాలం అంత ఎక్కువని ఫెడరల్ (కేంద్ర) కోర్టుల శిక్షలకు మార్గదర్శకాలు రాసే ఫెడరల్ శిక్షల కమిషన్ 2023 నివేదిక తేల్చిన మాట నిజమే. అయితే అది అన్ని నేరాలకూ కలిపి తీసిన లెక్క. దాన్ని తెచ్చి బెదిరింపులకు అతికించడం సరికాదు.

ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి ఫోన్లోనో ఈమెయిల్లోనో హాని చేస్తామని బెదిరిస్తే ఫెడరల్ చట్టం కింద గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. మార్గదర్శకాలు నేర తీవ్రతను స్థాయిల్లో కొలుస్తాయి; ఈ నేరానికి లెక్క 12వ స్థాయి దగ్గర మొదలవుతుంది. పాత నేరాలు లేనివాడికి అది 10 నుంచి 16 నెలలు. జాతిని బట్టే బాధితుణ్ణి ఎంచుకున్నాడని తేలితే మూడు స్థాయిలు పెరిగి 18 నుంచి 24 నెలలవుతుంది. నేరం ఒప్పుకుంటే మామూలుగా రెండు స్థాయిలు తగ్గుతాయి. (రాష్ట్రాల కోర్టుల లెక్కలు వేరు.)

ఆ మూడు స్థాయిలు ఊరికే రావు. విచారణ జరిగితే జ్యూరీ, నేరం ఒప్పుకుంటే జడ్జి సందేహానికి తావులేకుండా తేల్చాలి. నేరం ఒప్పుకోవడానికి జరిగే బేరసారాల్లో ప్రాసిక్యూటర్ పట్టుబట్టకపోతే ద్వేషం ఊసే తీర్పులో ఉండకపోవచ్చు. అసలు మతలబు అక్కడే ఉంది.

తేడాకు రెండో కారణం నేరచరిత్ర. పాత శిక్షలను బట్టి నిందితుణ్ణి ఒక వర్గంలో వేస్తారు; వర్గం పెరిగేకొద్దీ శిక్ష పెరుగుతుంది. అదే 15వ స్థాయిలో మూడో వర్గం వాడికి 24 నుంచి 30 నెలలు. పోలీసు నిఘా ఎక్కువున్న పేటల్లో పెరిగినవాడికి చిన్నాచితకా పాత శిక్షలే బరువవుతాయి. పైగా 2005 నుంచి మార్గదర్శకాలు సలహా మాత్రమే; జడ్జి వాటికి కట్టుబడి తీరాలని లేదు.

ఇలాంటి తీర్పుల వార్తల్లో నెలల సంఖ్యతో సరిపెట్టకుండా ఏ సెక్షనో, ద్వేషం పెంపు వర్తించిందో లేదో, నేరచరిత్ర వర్గమేదో కూడా రాయండి.

— ఒక న్యాయవాది, హన్మకొండ