పాత పే స్లిప్ అడగొద్దని చెప్పండి

ఐటీ శాఖ మంత్రి శ్రీ నారా లోకేశ్ గారికి,

నమస్కారం. మాది విజయవాడ, సత్యనారాయణపురం. ఎనిమిదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ట్రాన్స్‌జెండర్ మహిళను.

పోయిన వారం గన్నవరం దారిలో ఒక కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లాను. నలభై నిమిషాలిచ్చిన ఆటోమేషన్ స్క్రిప్టు ఇరవై అయిదింట్లో రాసిచ్చాను. తర్వాత హెచ్ఆర్ అమ్మాయి "ఎక్స్‌పెక్టేషన్ ఎంత?" అంది. బయట కనుక్కునే వెళ్లాను కాబట్టి ఏడాదికి పది లక్షలు అన్నాను. మూడు నెలల పే స్లిప్పులు పంపమంది. పంపాను. స్క్రీన్ చూసి, నా వంక చూసి, మళ్లీ స్క్రీన్ చూసి, "మేడమ్, మీ బ్రదర్‌వి పంపినట్టున్నారు" అంది.

ఆ అమ్మాయి తప్పేం లేదు. ఆధార్‌లో, బ్యాంకులో నా పేరు మారింది. ఇప్పుడున్న కంపెనీ పేరోల్‌లో మాత్రం డిగ్రీ సర్టిఫికెట్‌లోని పేరే ఉంది. మూడు మెయిళ్లు పెట్టినా మార్చలేదు. ముక్కూమొహం తెలియని ఇద్దరి ముందు కూర్చుని కథంతా చెప్పుకున్నాను.

అక్కడితో అయిపోతే ఈ లేఖ రాసేదాన్ని కాదు. పేరు సంగతి తేలాక ఆమె చూపు జీతం అంకె మీద పడింది. "ఇప్పుడు నాలుగున్నరే కదా, ముప్పై శాతం హైక్ ఇవ్వగలం." అంటే 5.85 లక్షలు.

ఆ నాలుగున్నర సంగతి వినండి. నేను మారడం మొదలుపెట్టాక, అప్పటి ఆఫీసులో బాత్రూం నుంచి టీమ్ లంచ్ దాకా అన్నీ పంచాయితీలే. మానేశాను. ఏడు నెలలు ఖాళీ. ఆ తర్వాత రమ్మన్నచోటికి, ఇస్తామన్న జీతానికి వెళ్లాను. అప్పటి టెన్షన్‌లో ఒప్పుకున్న అంకె మీదే ఇప్పటికీ లెక్కలు కడుతున్నారు.

చట్టాలు లేక కాదు. 2019 ట్రాన్స్‌జెండర్ చట్టం ఉద్యోగంలో వివక్ష కూడదంటుంది. 2025 నవంబర్ 21న అమల్లోకొచ్చిన వేతనాల కోడ్, ఒకే పనికి జెండర్ చూసి జీతంలో తేడా చూపకూడదంటుంది. కానీ ఆ అమ్మాయి జెండర్ మాటే ఎత్తలేదు, పే స్లిప్ చూసి లెక్క చెప్పింది. ఎవరి మీద ఏమని ఫిర్యాదు చెయ్యను?

కాలిఫోర్నియాలో 2018 నుంచే పాత జీతం అడగడం నిషేధం. యూరోపియన్ యూనియన్ 2023 ఆదేశమూ అదే చెబుతోంది. మన కంపెనీలు పనిచేసిపెట్టేది ఎక్కువగా ఆ దేశాల క్లయింట్లకే.

మీరు ఐటీ కంపెనీలకు రాయితీలిస్తున్నారు, విశాఖలో 99 పైసలకే భూమి ఇచ్చారు. సంతోషం. ఆ ఒప్పందాల్లోనే ఒక షరతు పెట్టండి: ఉద్యోగ ప్రకటనలోనే జీతం ఎంత నుంచి ఎంత దాకానో వెయ్యాలి, పాత పే స్లిప్ అడగకూడదు. పాత కంపెనీ వదిలేటప్పుడిచ్చే రిలీవింగ్ లెటర్‌లోనూ పాత పేరే ఉంటుంది కదా అంటారేమో. ఉంటుంది. ఆఫర్ చేతికిచ్చాక చూడమనండి.

మాలాంటివాళ్లకు ప్రభుత్వం నెలకు 4,000 పింఛను ఇస్తోంది, మంచిదే. నేను మాత్రం నా పనికి తగ్గ జీతం అడుగుతున్నాను.

ఇప్పటి ప్రాజెక్టు నెలాఖరుకి అయిపోతుంది. 5.85కి శుక్రవారంలోగా జవాబు చెప్పాలి. ఒప్పుకుంటానేమో. ఒప్పుకుంటే, రేపు ఇంకో కంపెనీ ఆ అంకె మీదే ముప్పై శాతం లెక్క కడుతుంది.

ఇట్లు,
ఒక టెస్టింగ్ ఇంజనీరు,
విజయవాడ