అమ్మతో కలిసి టోక్యో చూశాను

తిరుపతి,
ఆదివారం రాత్రి

ప్రియమైన భాస్కర్,

పోయిన నెల ఫోనులో నువ్వన్న మాట ఇంకా నా చెవిలోనే ఉంది. "అవార్డులొచ్చిన సినిమాలంటే నిద్రమాత్రలే కదరా! రెండు గంటలు కూర్చున్నా ఏమీ జరగదు" అన్నావు. అప్పుడు ఆఫీసులో ఉన్నాను, సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. ఫోనులో రెండు ముక్కల్లో తేలే సంగతి కూడా కాదు. ఈ రాత్రి పిల్లలు పడుకున్నారు, అమ్మ కూడా పడుకుంది. అందుకే కాగితాలు ముందేసుకుని కూర్చున్నాను. ఉత్తరం పొడుగవుతుంది, తీరిక చేసుకుని చదువు.

ముందే ఒక మాట. యూనివర్సిటీ రోజుల్లో మొదటి ఆట టికెట్టు కోసం నాతో పాటు తెల్లవారకముందే వరుసలో నిలబడ్డవాడివి నువ్వు. ఆ సినిమాల మీద నాకు ప్రేమ ఏమీ తగ్గలేదు. పాట మొదలుకాగానే చిల్లర విసిరిన చేతులే ఇవి. దాన్ని వదిలేసి ఇదేదో పెద్దమనుషుల సినిమా పట్టుకున్నానని అనుకోవద్దు. ఆ సినిమాల్లో కత్తిరించి పారేసే క్షణాలు కొన్ని ఉంటాయే, మనిషి బయటికి వెళ్ళిపోయాక ఖాళీ గది, ప్రయాణానికి ముందు సంచి సర్దుకోవడం, చెప్పాల్సిన మాట చెప్పకుండా టీ తాగడం, అవే ఈ సినిమాల్లో అసలు కథ. ఏమీ జరగదంటావు కానీ, మన ఇళ్ళలో జరిగేదంతా అదే.

పోయిన శనివారం జపాను దర్శకుడు యసుజిరో ఓజు తీసిన 'టోక్యో స్టోరీ' మళ్ళీ పెట్టుకున్నాను. 1953 నాటిది, నలుపు తెలుపు బొమ్మ. ఇప్పుడు మా ఊళ్ళో అనపకాయల కాలం కదా. పితికిన పప్పు కూరకని అమ్మ గింజలు నానబెట్టుకుంది, ఆ గిన్నె పట్టుకుని వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. అమ్మకు ఇంగ్లీషు రాదు. బొమ్మ కింద పడే అక్షరాలను నేను తెలుగులో చెబుతున్నాను, అమ్మ గింజలు పితుకుతూ వింటోంది.

సినిమా మొదట్లోనే ఒనొమిచి అనే ఊళ్ళో ముసలి దంపతులు ప్రయాణానికి సామాను సర్దుకుంటుంటారు. పిల్లలు టోక్యోలో ఉన్నారు, ఒకసారి చూసి రావాలి. గాలి దిండు ఏదని ఆవిడ అడుగుతుంది. నీకే ఇచ్చాను కదా అంటాడు ఆయన. ఇక్కడ లేదంటుంది. కాసేపటికి అది ఆయన సామాన్లోనే దొరుకుతుంది. ఆ, ఉంది అంటాడు, అంతే. ఆ ముక్కకు నేను తెలుగు చెప్పబోతున్నాను, అమ్మ అప్పటికే నవ్వుతోంది. "మీ నాయనే" అంది. గిన్నె పక్కన పెట్టి కొంగుతో కళ్ళు తుడుచుకుని మరీ నవ్వింది. నాయన కళ్ళజోడు సంగతి నీకు తెలుసు కదా, నెత్తి మీద పెట్టుకుని ఇల్లంతా వెతికించేవారు. డెబ్భై ఏళ్ళ కిందట జపానులో తీసిన సినిమాలో, పలమనేరు దాటి ఎక్కువగా ఎక్కడికీ వెళ్ళని మా అమ్మకు తన మొగుడు కనిపించాడు. ఆ తర్వాత నేను తెలుగు చెప్పడం చాలావరకు మానేశాను. అమ్మకు అవసరం కాలేదు.

ఓజు కెమెరాను నేలకు బాగా దగ్గరగా పెడతాడు, చాప మీద కూర్చున్న మనిషి కళ్ళ ఎత్తుకన్నా ఇంకా కిందే. అది పదేపదే పుస్తకాల్లో చదివాను కానీ, ఆ రోజే అర్థమైంది. అమ్మ నేల మీద కూర్చుని ఉంది, వాళ్ళూ నేల మీదే కూర్చుని ఉన్నారు. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటున్నట్టుంది.

నీకు 'బడిపంతులు' గుర్తుందా? 1972, ఎన్టీఆర్, అంజలీదేవి. కొడుకులు తల్లిని ఒకరు తండ్రిని ఒకరు పంచుకుంటారు. ఆ సినిమాకు మా వీధి వీధంతా ఏడ్చిందని అమ్మ ఇప్పటికీ చెబుతుంది, నేను కూడా టీవీలో చూసి ఏడ్చాను. కానీ అక్కడ ఏడుస్తూనే నేను హాయిగా ఉన్నాను. ఎందుకంటే తప్పు ఆ కొడుకులది, నేను వాళ్ళలాంటివాడిని కాను. ఓజు ఆ వెసులుబాటు ఇవ్వడు. ఈయన సినిమాలో చెడ్డవాళ్ళు లేరు. పెద్దకొడుకు డాక్టరు, అందరినీ తీసుకుని ఊరు చూపించడానికి బయలుదేరే వేళకు రోగి కోసం పిలుపొస్తుంది, వెళ్ళక తప్పదు. కూతురు బ్యూటీ పార్లరు నడుపుతుంది, ఆమెకూ పని ఉంది. ఇద్దరూ తలా కొంత డబ్బు వేసుకుని అమ్మానాన్నలను అతామి అనే వేడినీటి బుగ్గల ఊరికి పంపిస్తారు. వాళ్ళకూ విశ్రాంతిగా ఉంటుంది, మనకూ పని చెడదు అనుకుంటారు. అక్కడి సత్రంలో రాత్రంతా కుర్రవాళ్ళ పాటలు, ఆటల గోల, ముసలివాళ్ళకు కంటి మీద కునుకుండదు. పొద్దున్నే సముద్రం ఒడ్డున గోడ మీద పక్కపక్కన కూర్చుని, ఇక ఇంటికి పోదామా అనుకుంటారు. లేవబోతే ఆవిడకు కళ్ళు తిరుగుతాయి.

అక్కడ నేను బొమ్మ ఆపాను, భాస్కర్.

నీకెప్పుడూ చెప్పలేదు. 2018 మార్చిలో అమ్మానాయనలు పది రోజులుందామని మా ఇంటికి వచ్చారు. పెద్దమ్మాయికి పదో తరగతి పరీక్షలు, ఇల్లు చిన్నది, నాయనకు టీవీ గట్టిగా పెట్టుకునే అలవాటు. నేను తిరుమలలో మూడు రోజులకు గది ఏర్పాటు చేశాను. "కొండ మీద ప్రశాంతంగా ఉంటుంది నాయనా, తీరిగ్గా దర్శనం చేసుకోండి" అన్నాను. నిజంగానే మంచి పని చేస్తున్నాననుకున్నాను. రెండో రోజు సాయంత్రమే ఇద్దరూ బస్సెక్కి దిగి వచ్చేశారు. తలుపు తీసి "అప్పుడే వచ్చేశారే?" అన్నాను, పలకరింపుగా కాదు. నాయన సంచిలోంచి రెండు లడ్డూలు తీసి బల్ల మీద పెట్టారు. ఒక్క పలుకు కూడా తుంచలేదు, పిల్లల కోసం అలాగే తెచ్చారు. "మీ అమ్మకు చలి పడలేదు" అన్నారు. మర్నాడు ఉదయం ఊరికి వెళ్ళిపోయారు. తర్వాతి ఏడాది నాయన పోయారు.

బొమ్మ ఆపి నేను ఏమీ మాట్లాడలేదు. అమ్మ నా వైపు చూడకుండా గింజలు పితుకుతూ, "ఆ గది బాగుండేదిలే. వేడినీళ్ళు వచ్చేవి" అంది.

ఇంకా ఏం రాయాలో తోచడం లేదు దాని గురించి. వేరే సినిమాల సంగతి చెబుతాను.

కొరియా సినిమా 'పారసైట్' నువ్వు చూశానన్నావు. కాన్స్ చిత్రోత్సవంలో పెద్ద బహుమతి, ఆ తర్వాత 2020లో నాలుగు ఆస్కార్లు. ఇంగ్లీషు కాని భాషలో తీసిన సినిమాకు ఉత్తమ చిత్రం బహుమతి రావడం అదే మొదటిసారి. అడుగున పడే అక్షరాలు అంగుళం ఎత్తు గోడ, అది దాటితే ఎన్నో గొప్ప సినిమాలు కనిపిస్తాయన్నాడు దాని దర్శకుడు బాంగ్ జూన్ హో. మొదటిసారి చూసినప్పుడు నాకు పనితనం నచ్చింది కానీ మనసుకు ఎక్కలేదు, లెక్క కట్టి బిగించిన యంత్రంలా అనిపించింది. నా అభిప్రాయం మారింది 2021 నవంబరు తర్వాత. ఆ వానలకు తిరుమల మెట్ల దారిలో నీళ్ళు జలపాతంలా దూకడం నువ్వు కూడా ఫోనులో చూసే ఉంటావు. పల్లపు వీధులన్నీ మునిగాయి. మర్నాడు మా వెనక వీధికి వెళ్తే ఒకావిడ తడిసిన పదో తరగతి సర్టిఫికెట్టు మీద గుడ్డ పరిచి ఇస్త్రీపెట్టెతో ఆరబెడుతోంది. అక్షరాలు అలుక్కుపోతాయేమోనని పెట్టె ఆనీ ఆననట్టు తిప్పుతోంది. ఆ వారంలోనే సినిమా మళ్ళీ చూశాను. ఎత్తు మీద ఉన్న ఇంటి నుంచి ఆ కుటుంబం వానలో మెట్లు దిగుతూ, దిగుతూ, తమ నేలమాళిగ ఇంటికి వస్తే అది మునిగిపోయి ఉంటుంది. మర్నాడు ఆ ధనికురాలు వాన పడడం ఎంత మంచిదైంది, ఆకాశం తేటపడింది అని ఫోనులో సంబరపడుతుంది. ఆ మాట ఇప్పుడు నేను వినలేను.

'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' మాత్రం నీ కొడుకును పక్కన కూర్చోబెట్టుకుని చూడు. ఇరాన్, మజీద్ మజీదీ, 1997. అన్న చెల్లెలి బూట్లు పోగొడతాడు. నాన్న దగ్గర డబ్బు లేదని తెలిసి ఇద్దరూ ఒకే జత పంచుకుంటారు. చెల్లెలు బడి నుంచి పరుగెత్తుకొస్తుంది, సందులో బూట్లు మార్చుకుని అన్న పరుగెత్తుతాడు. పరుగు పందెంలో మూడో బహుమతి బూట్ల జత. పిల్లవాడు మూడో స్థానం కోసం పరుగెత్తి మొదటి స్థానంలో వచ్చేస్తాడు. అందరూ ఎత్తుకుంటుంటే వాడు ఏడుస్తాడు. గెలిచి ఏడ్చిన పిల్లవాడిని నేను ఇంకే సినిమాలోనూ చూడలేదు.

ఇంకో జపాను దర్శకుడు కురొసావా తీసిన 'ఇకిరు' నాకు ఎంతో ఇష్టం. అయితే ఈ ఒక్క విషయంలో లోకంతో నాకు పేచీ ఉంది. కురొసావా అనగానే అందరూ కత్తియుద్ధాలంటారు. నా వరకు, చనిపోబోతున్న ఆ ప్రభుత్వోద్యోగి మంచు కురుస్తుండగా తాను కట్టించిన పార్కులో ఊయల మీద కూర్చుని పాడుకోవడం ముందు ఆ కత్తులన్నీ దిగదుడుపే.

కొరియా దర్శకుడు లీ చాంగ్ డాంగ్ తీసిన 'పొయెట్రీ' గొప్ప సినిమా. అరవై దాటిన ఆవిడ కవిత రాయడం నేర్చుకుంటూ ఉంటుంది, అప్పుడే మాటలు మరిచిపోవడం మొదలవుతుంది. ముందు నామవాచకాలు పోతాయి, తర్వాత క్రియలు అంటారు డాక్టర్లు. మీ అమ్మగారి సంగతి తెలుసు కనుక ఇది నిన్ను ఇప్పుడే చూడమనను. తర్వాతెప్పుడైనా నేను పక్కన ఉండగా చూద్దాం.

ఇక తైవాన్ సినిమా 'యీ యీ'. ఎడ్వర్డ్ యాంగ్ తీశాడు, 2000లో వచ్చింది. దాదాపు మూడు గంటలు ఉంటుంది, భయపడకు. పెళ్ళితో మొదలై అంత్యక్రియలతో ముగుస్తుంది. అందులో ఎనిమిదేళ్ళ కుర్రవాడు కెమెరా పట్టుకుని అందరి తల వెనక భాగాన్నే ఫొటోలు తీస్తుంటాడు. ఎందుకంటే ఎవరి వీపు వాళ్ళకు కనిపించదు కదా, వాడు చూపిస్తాడు. మంచాన పడి స్పృహ లేని అమ్మమ్మతో రోజూ ఏదో ఒకటి మాట్లాడమని డాక్టరు చెబుతాడు. కూతురు వచ్చి కూర్చుని తన రోజంతా చెబుతుంది, రెండు నిమిషాల్లో అయిపోతుంది. మర్నాడూ అవే మాటలు. నా బతుకు ఇంతేనా అని భోరుమంటుంది. నేను చూసిన గొప్ప సన్నివేశాల్లో అదొకటి.

ఇదంతా పరాయి దేశాల గొప్పేనా అంటావేమో. మన బి. నర్సింగరావు గారు 1988లో తీసిన 'దాసి' ఒకసారి చూడు. మాటలు చాలా తక్కువ. గడీలో బతికే దాసి కథ అర్చన ముఖం మీదే నడుస్తుంది, ఆమెకు జాతీయ ఉత్తమ నటి పురస్కారం వచ్చింది. మన భాషలో అంత మౌనం ఉన్నదని మనమే మరిచిపోయాం.

మళ్ళీ శనివారం రాత్రికి వస్తాను. 'టోక్యో స్టోరీ' చివర్లో ఆ తల్లి పోతుంది. కార్యం కాగానే కూతురు అమ్మ బట్టల్లో ఫలానావి నాకు కావాలని అడుగుతుంది. అమ్మ "అడుగుతారు, అడగరా మరి" అంది, కోపం లేకుండానే. ఆ ముసలాయన ఒంటరిగా కూర్చుని ఉంటాడు. కిటికీ అవతల నుంచి పొరుగావిడ పలకరించి వెళ్తుంది. ఒక్కణ్ణే ఉంటే ఇక రోజులు పొడుగైపోతాయి అని ఆయన అనే మాట ఇంకా తెర మీద పడనే లేదు, అమ్మ తనలో తాను "ఇంక పొద్దు పోదు" అంది. నేను అమ్మ వైపు చూడలేదు.

కన్న పిల్లలకన్నా ఎక్కువగా చూసుకున్నది యుద్ధంలో పోయిన కొడుకు భార్య, నొరికో. మామగారు అత్తగారి గడియారం ఆమెకిచ్చి, మళ్ళీ పెళ్ళి చేసుకోమ్మా అంటాడు. ఆమె రైల్లో ఆ గడియారం చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటుంది. అయిపోయాక అమ్మ అడిగింది: "ఆ పిల్ల మళ్ళీ పెళ్ళి చేసుకుందా?"

సినిమాలో చెప్పలేదమ్మా అన్నాను. నాకు తెలిసింది చెప్పాను. ఆ వేషం వేసిన సెత్సుకో హారా పెళ్ళే చేసుకోలేదు, నటన మానేసి కామకురాలో ఎవరికీ కనిపించకుండా బతికి 2015లో పోయింది. ఓజు కూడా పెళ్ళి చేసుకోలేదు, తల్లితోనే ఉన్నాడు. సరిగ్గా తన అరవయ్యో పుట్టినరోజు నాడు, 1963 డిసెంబరు 12న, ఆయన పోయాడు. అమ్మ అన్నీ విని, "అదంతా సరే, నేను ఆ పిల్ల సంగతి అడుగుతున్నాను" అంది. వారం రోజులుగా అడుగుతూనే ఉంది. నిన్న కూర తాలింపు పెడుతూ, "చేసుకునే ఉంటుందిలే, మామ చెప్పాడు కదా" అని తనే తేల్చేసింది.

సంక్రాంతి దాటాక దర్శనానికి వస్తున్నామన్నావు. గది కోసం ఎవరినీ అడగవద్దు. ముందు గదిలో పరుపులు వేస్తాను, అందరం సర్దుకుందాం. అమ్మ 'యీ యీ' ఇంకా చూడలేదు, నువ్వొచ్చేదాకా ఆపి ఉంచుతాను. చెల్లెమ్మకు, పిల్లవాడికి నా ఆశీస్సులు. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పు, నా పేరు గుర్తు లేకపోతే పలమనేరు అబ్బాయి అని చెప్పు.

నీ
మోహన్